రైతుబిడ్డకు బుద్ధి 15 దగ్గరే ఆగాలా? ‘డీ అండ్ డీ’ కొత్త పాత్ర నిబంధనలపై ఆటగాళ్ల తగవు

సంక్రాంతి సెలవుల్లో కోనసీమలోని మా ఇంటి మేడమీద చాప పరుచుకుని ఆరుగురం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కూర్చున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు తన పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటులో బుద్ధి గడిలో పెన్సిలుతో 17 వేశాడు. ఆ తరవాత పుస్తకంలో మరో పేజీ తిప్పి, కాసేపు చూసి, రబ్బరుతో 7ను చెరిపి 5 చేశాడు. చెరిపినచోట కాగితం కాస్త నూగులేచింది. “మావయ్యా, ఇందులో దొంగతనం చేసి బతికినవాడికి బుద్ధి పెంచుకోవచ్చంట, వ్యవసాయం చేసినవాడికి వీల్లేదంట” అన్నాడు. వాడి నాన్నకు, అంటే మా బావగారికి, గోదావరి లంకలో కొబ్బరి, అరటి తోటలున్నాయి. టీ గ్లాసులతో మెట్లెక్కి వస్తున్న ఆయన ఆ మాట విని నవ్వేశారు గాని, చాపమీద కూర్చున్నవాళ్లలో ఇద్దరికి నవ్వు రాలేదు.

ఈ ఆటకు 2024 సెప్టెంబరులో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, అంటే ఆటగాళ్ల నిబంధనల పుస్తకం, విడుదలైంది. దాని మీద దేశదేశాల ఆటగాళ్ల మధ్య సాగుతున్న వాదమంతా దాదాపు ఆ ఒక్క గడిలోనే ఇమిడి ఉంది. అంత చిన్న అంకె మీద అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే, ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి.

ఆట తెలియనివారి కోసం

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను ఆడేవాళ్లు క్లుప్తంగా డీ అండ్ డీ అంటారు. ఇది గళ్ల మీద పావులు జరిపి గెలిచే ఆట కాదు. నోటితో నడిచే కథ. డంజియన్ మాస్టర్‌గా కూర్చున్నవారు సన్నివేశం చెబుతారు. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, ఆ సన్నివేశంలో తామేం చేస్తారో చెబుతారు. బుర్రకథలో కథకుడు చెబుతుంటే వంతలు తందాన తాన అంటారు. ఇక్కడ కథ ఎటు తిరగాలో వంతలే తేలుస్తారు. తలపెట్టిన పని ఫలించిందా లేదా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

ప్రతి పాత్రకూ ఆరు సామర్థ్యాలుంటాయి: బలం, ఒడుపు, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. పుస్తకంలోని ఇంగ్లీషు మాటలకు మా బృందం వాడుకునే తెలుగు మాటలివి. మామూలు మనిషికి ఏ సామర్థ్యమైనా 10 చుట్టూ ఉంటుంది. 10కి పైన ప్రతి రెండుకూ పాచిక మీద ఒకటి చొప్పున కలుస్తుంది: 12 ఉంటే ఒకటి, 14 ఉంటే రెండు, 16 ఉంటే మూడు. ఈ కలిసే అంకెను మోడిఫయర్ అంటారు. బేసి అంకె వల్ల అప్పటికప్పుడు ఒరిగేదేమీ లేదు. 14కైనా 15కైనా కలిసేది రెండే.

ఈ ఆరింటినీ నింపుకోవడానికి మూడు దారులున్నాయి. ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి, అన్నిటికంటే తక్కువ పడినదాన్ని వదిలి మిగిలిన మూడూ కూడుకోవచ్చు. 27 పాయింట్లతో అంకెలు కొనుక్కోవచ్చు. లేదా 15, 14, 13, 12, 10, 8 అన్న సిద్ధమైన వరసను నచ్చినట్టు సర్దుకోవచ్చు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ మూడో దారివి. నిజానికి తగవు ఈ పంపకం గురించి కాదు. పంపకం అయ్యాక పైన కొసరుగా కలిసే మూడు పాయింట్ల గురించి.

పుంజు రంగా, మేపా?

భీమవరం చుట్టుపక్కల కోడిపందేల మాట వస్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు కుక్కుట శాస్త్రం పట్టుకుని, డేగ, కాకి, నెమలి అని ఈక రంగు చూసి, ఫలానా రోజున ఫలానా రంగుదే గెలుపని తేల్చేస్తారు. మరొకరు రంగు పక్కనబెట్టి, పుంజును ఎవరు మేపారు, ఎన్ని నెలలు తయారు చేశారు అని అడుగుతారు. పందేలను చట్టం ఒప్పుకోదన్నది వేరే సంగతి. మన వాదానికి వస్తే, డీ అండ్ డీ దాదాపు అయిదు దశాబ్దాలు ఈక రంగు చూసేవాళ్ల పక్షాన ఉంది.

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను వెలువరించినప్పుడే, ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి కల్పిత జాతుల పాత్రలు, అంటే మనిషి కానివి, ఏ క్లాసులో ఎంతవరకు ఎదగవచ్చో హద్దులు పెట్టారు. క్లాసు అంటే కథలో పాత్ర చేసే పని: కత్తి పట్టే ఫైటర్, మంత్రం నేర్చిన విజర్డ్, దేవుడి శక్తితో నడిచే క్లెరిక్ వంటివి. 1978 నాటి హ్యాండ్‌బుక్‌లో ఎల్ఫ్‌కు ఒడుపు ఒకటి పెరిగి దేహదారుఢ్యం ఒకటి తగ్గేది. డ్వార్ఫ్‌కు దేహదారుఢ్యం పెరిగి ఆకర్షణ తగ్గేది. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ మూల పుస్తకంలో తీసివేతలు లేవు, కూడికలు మాత్రమే ఉన్నాయి. హాఫ్-ఆర్క్‌గా, అంటే మనిషికీ ఆర్క్ అనే కల్పిత జాతికీ మధ్య, పుడితే బలానికి 2, దేహదారుఢ్యానికి 1. హై ఎల్ఫ్‌గా పుడితే ఒడుపుకు 2, బుద్ధికి 1. పుట్టుకే అంకె ఇస్తుంది కాబట్టి, అంకెలు చూసుకునే ఆటగాడు విజర్డ్‌గా ఆడాలంటే ఎల్ఫ్ దగ్గరకో గ్నోమ్ దగ్గరకో వెళ్లేవాడు. హాఫ్-ఆర్క్ విజర్డ్ ఉండకూడదని ఏ నిబంధనా అనలేదు. ఉంటే వెనకబడే ఉంటాడని లెక్క మాత్రం అంది.

2016లో ఒక అనుబంధ పుస్తకం ఆర్క్‌లకు ఏకంగా బుద్ధిలోనే 2 కోసింది. పుట్టుకతోనే ఒక సమూహాన్ని మందబుద్ధులుగా రాయడం ఆటలోనైనా ఏం పద్ధతి అన్న ప్రశ్న గట్టిపడింది. 2020లో ప్రచురణ సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆ కోతను తొలగించింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే పుస్తకంలో, పుట్టుకతో వచ్చే కూడికను ఆటగాడు తనకు కావలసిన సామర్థ్యానికి మళ్లించుకోవచ్చంటూ ఇష్టమైతే వాడుకునే నిబంధన ఒకటి ఇచ్చింది.

2024లో ఆ మూడు పాయింట్లు ఎక్కడికి వెళ్లాయి?

కొత్త హ్యాండ్‌బుక్‌లో పుట్టుక నుంచి సామర్థ్యాల కూడిక పూర్తిగా పోయింది. డ్వార్ఫ్‌కు విషాన్ని తట్టుకునే గుణం, ఎల్ఫ్‌కు చీకట్లో చూపు వంటి లక్షణాలు మిగిలాయి గాని అంకెలు లేవు. ఆ అంకెలు బ్యాక్‌గ్రౌండ్ అనే దానికి చేరాయి. బ్యాక్‌గ్రౌండ్ అంటే సాహసయాత్రలకు బయలుదేరక ముందు ఆ పాత్ర ఎలా బతికిందన్నది. పుస్తకంలో 16 ఉన్నాయి: రైతు, నావికుడు, సైనికుడు, వర్తకుడు, లేఖరి, పండితుడు, నేరస్థుడు, సన్యాసి, ఇలా. ప్రతిదానికీ మూడు సామర్థ్యాలు నిర్ణయించి ఉంటాయి. ఆ మూడింటిలో ఒకదానికి 2, ఇంకొకదానికి 1 కలుపుకోవచ్చు, లేదా మూడింటికీ ఒక్కొక్కటి. దానితోపాటు రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు వాడకం, ఆరిజిన్ ఫీట్ అనే ఒక ప్రత్యేక శక్తి వస్తాయి. రైతుకు వచ్చే ఫీట్ పేరు టఫ్. ప్రాణబలం, అంటే హిట్ పాయింట్లు, ప్రతి లెవెల్‌కూ (పాత్ర ఎదిగే ప్రతి మెట్టుకూ) అదనంగా రెండేసి పెరుగుతాయి.

2014లో బ్యాక్‌గ్రౌండ్‌కు సామర్థ్యాలతో పని లేదు. అది నైపుణ్యాలు, పనిముట్లతోపాటు ఒక చిన్న కథా సౌకర్యం ఇచ్చేది. నావికుడైతే తనకూ తనవాళ్లకూ ఓడలో ఉచిత ప్రయాణం దొరికేది. సఖినేటిపల్లి రేవులో తెలిసిన సరంగుంటే పంటు మీద డబ్బులడగకుండా దాటించినట్టు, అనుకోవచ్చు. అలాంటి సౌకర్యాలన్నీ కొత్త పుస్తకంలో పోయాయి. కథ కోసం ఆడేవాళ్లలో కొందరికి అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. అంకెల గొడవ హోరులో వీళ్ల మాట ఎవరికీ పెద్దగా వినబడలేదు.

చెరిపిన గడి లెక్క

ఇక మా మేనల్లుడి షీటు దగ్గరకు వద్దాం. వాడికి ఆర్క్ విజర్డ్ కావాలి. సిద్ధమైన వరసను ఇలా సర్దాడు: బుద్ధి 15, దేహదారుఢ్యం 14, ఒడుపు 13, వివేకం 12, ఆకర్షణ 10, బలం 8. విజర్డ్ మంత్రాలన్నీ బుద్ధి మీదే నడుస్తాయి.

పాత 2014 నిబంధనల్లో వాడు హాఫ్-ఆర్క్ అయితే కూడికలు బలానికీ దేహదారుఢ్యానికీ పోతాయి. బుద్ధి 15 దగ్గరే ఉంటుంది. 2020 నాటి ఐచ్ఛిక నిబంధన వాడితే 2ను బుద్ధికి మళ్లించుకుని 17 చేసుకోవచ్చు. 2024 పుస్తకంలో ఆర్క్‌గా పుట్టి పండితుడి బ్యాక్‌గ్రౌండ్ తీసుకున్నా 17 వస్తుంది, ఎందుకంటే పండితుడి జాబితాలో దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం ఉన్నాయి. అదే ఆర్క్‌ను రైతు చేస్తే జాబితా బలం, దేహదారుఢ్యం, వివేకం. బుద్ధి మళ్లీ 15. పదేళ్ల కిందట హాఫ్-ఆర్క్‌ను ఆపిన అంకె దగ్గరే ఇప్పుడు రైతు ఆగిపోయాడు.

15కు మోడిఫయర్ రెండు, 17కు మూడు. మొదటి లెవెల్ విజర్డ్ మంత్రాన్ని తట్టుకోవాలంటే శత్రువు పాచిక మీద కనీసం తెచ్చుకోవలసిన అంకె 8కి ఆ లెవెల్‌లో అందరికీ కలిసే ప్రావీణ్యపు 2, బుద్ధి మోడిఫయర్ కలిపితే వస్తుంది: రైతుకు 12, పండితుడికి 13. ఏ అదనపు బలమూ లేని శత్రువు రైతు మంత్రానికి నూటికి 55 సార్లు లొంగితే, పండితుడి మంత్రానికి 60 సార్లు లొంగుతాడు. ఇరవై సార్లు పాచిక వేస్తే ఒక్కసారి తేడా. అయితే ఈ తేడా త్వరగా పూడదు. విజర్డ్ సామర్థ్యాలు పెంచుకునే అవకాశం 4, 8, 12 లెవెళ్లలో వస్తుంది. గరిష్ఠమైన 20ని పండితుడు ఎనిమిదో లెవెల్‌కే అందుకోగలిగితే రైతుకు పన్నెండో లెవెల్ దాకా ఆగక తప్పదు.

ఒక్క బుద్ధి గడే చూస్తే రైతుకు అన్యాయం జరిగినట్టుంటుంది గాని, షీటు మొత్తం చదివితే లెక్క మారుతుంది. రైతు ఆ 2ను దేహదారుఢ్యానికి కలుపుకుంటే అది 16 అవుతుంది. విజర్డ్ మొదటి లెవెల్ ప్రాణబలం 6కు మోడిఫయర్ 3, టఫ్ ఫీట్ ఇచ్చే 2 కలిసి 11. పండితుడు మిగిలిన 1ని దేహదారుఢ్యానికే కలిపినా 15, మోడిఫయర్ 2, ప్రాణబలం 8. ఆ తరవాత లెవెల్‌కు మూడేసి చొప్పున తేడా పెరుగుతూ, అయిదో లెవెల్‌కు 15 అవుతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పాత నిబంధనల్లో విజర్డ్ రోజుకు ఎన్ని మంత్రాలు సిద్ధం చేసుకోవచ్చన్నది బుద్ధి మోడిఫయర్‌ను బట్టి ఉండేది. కొత్త పుస్తకంలో లెవెల్‌ను బట్టి పట్టికలో ఇచ్చిన సంఖ్యే అందరికీ. కాబట్టి బుద్ధి తక్కువైనందుకు పడే శిక్ష 2014 కంటే ఇప్పుడు తేలిక.

దొంగ మాటకు వస్తే, మేనల్లుడు చదివింది తప్పు కాదు. నేరస్థుడి జాబితాలో ఒడుపు, దేహదారుఢ్యం, బుద్ధి ఉన్నాయి. మొత్తం 16 బ్యాక్‌గ్రౌండ్‌లలో బుద్ధి ఉన్నవి సరిగ్గా ఎనిమిది. నావికుడికీ లేదు. వర్తకుడికీ కులీనుడికీ ఉంది.

ఎవరి వాదన ఏమిటి?

మార్పును మెచ్చుకునేవారు ముందుగా ఎత్తిచూపేది ఆర్క్‌నే. ఏ జన్మ ఎత్తినా ఏ పనిలోనైనా మొదటి వరసలో నిలబడే దారి ఏర్పడిందని, మనిషిని తీర్చేది వాడు చేసిన పనే తప్ప రక్తం కాదని, పైగా రైతుకు ఓర్పు, సైనికుడికి బలం రావడం కథకు కూడా అతుకుతుందని వారంటారు. కొత్తగా ఆటకు వచ్చినవారికి ఇది సులువుగా అర్థమవుతుందన్నది కూడా నిజమే. కొత్తవాళ్లను కూర్చోబెట్టి ఆడించినప్పుడు నాకు కనిపించింది అదే.

రెండో వర్గం పాత పద్ధతినే కోరుకుంటుంది. ఎల్ఫ్‌కూ డ్వార్ఫ్‌కూ శరీరంలోనే తేడా లేకపోతే అందరూ వేషం మార్చిన మనుషులే అవుతారని, బలహీనతను మోసుకుంటూ గెలవడంలోనే రుచి ఉందని వీరి అభిప్రాయం. ఈ వాదాన్ని వెనకబాటుతనంగా కొట్టిపారేయడం సబబు కాదు. ఏడడుగుల గోలియత్‌కూ మూడడుగుల హాఫ్లింగ్‌కూ మొదటి రోజున ఒకే బలం ఉండటం కథగా నమ్మబుద్ధి కాదని చెప్పేవారిలో, ఆర్క్‌ల బుద్ధి కోతను తప్పుపట్టినవారు కూడా ఉన్నారు.

మూడో వర్గానికి పుట్టుక మీద కూడిక పోవడం ఇష్టమే. కాని ముడి విప్పినట్టే విప్పి, అవతలి కొసన మళ్లీ వేశారన్నది వీరి ఫిర్యాదు. 2022 ఆగస్టులో పరిశీలన కోసం విడుదల చేసిన ముసాయిదాలో, ఆటగాడు తన బ్యాక్‌గ్రౌండ్‌ను తానే కట్టుకోవడం అసలు పద్ధతిగా ఉండేది. జాబితాలో ఉన్నవి నమూనాలు మాత్రమే. తుది పుస్తకంలో నమూనాలే నిబంధనలై కూర్చున్నాయి. 2014 హ్యాండ్‌బుక్‌లో కూడా బ్యాక్‌గ్రౌండ్‌ను మార్చుకునే వెసులుబాటు ఉండేది కాబట్టి, ఇది ఉన్నది ఊడబెరకడంగా తోచింది. పోటీ ఆట పాత్‌ఫైండర్ 2019 నాటి రెండో ఎడిషన్‌లో బ్యాక్‌గ్రౌండ్ రెండు పెంపులిస్తుంది: ఒకటి సూచించిన రెండు సామర్థ్యాలలో ఒకదానికి, రెండోది ఆటగాడి ఇష్టం. అక్కడ పొలం పనిచేసినవాడు రెండో పెంపును బుద్ధికి వాడుకుంటాడు, తగవే లేదు.

ఈ స్వేచ్ఛకు ఎదురుగా నిలిచే వాదం ఒకటుంది. మూడు సామర్థ్యాలు, ఫీట్, నైపుణ్యాలు అన్నీ ఎవరికి వారు ఎంచుకోగలిగితే ప్రతి విజర్డూ ఒకే రకం లాభసాటి కలయిక తీసుకుంటాడు. అప్పుడు రైతు అన్నది షీటు మీద రాసుకున్న అలంకారమే తప్ప ఆటలో దానికి బరువుండదు. జాబితా బిగించి ఉంచితేనే రైతు విజర్డ్‌కు తనదైన ముద్ర, పైన చూసినట్టు మొండి ప్రాణం, దక్కుతాయి.

ఈ వాదనలకు సంస్థ మీద ఉన్న అనుమానం కూడా తోడైంది. ఇతరులు ఈ ఆట ఆధారంగా పుస్తకాలు రాసుకునే లైసెన్సును బిగించబోయి, ఆటగాళ్లు తిరగబడటంతో 2023 జనవరిలో సంస్థ వెనక్కి తగ్గింది. 2024 ఆగస్టులో డిజిటల్ షీట్లలోని పాత మంత్రాల స్థానంలో కొత్తవి పెడతామని చెప్పి, కొద్దిరోజుల్లోనే ఆ మాటా ఉపసంహరించుకుంది. అందువల్ల నిబంధనలో ఏ చిన్న బిగింపు కనిపించినా, మరో పుస్తకం కొనిపించడానికేనన్న మాట ముందుకు వస్తోంది.

తెలుగులో చెబితే తగవు ఎక్కడ పడుతుంది?

2022 డిసెంబరులో సంస్థ ‘రేస్’ అన్న మాట వదిలి ‘స్పీషీస్’ అంటామని ప్రకటించినప్పుడు ఇంగ్లీషులో ఆడేవారి మధ్య పెద్ద దుమారం లేచింది. తెలుగులో చెప్పబోతే మనకు రెండింటికీ నోటికి వచ్చేది జాతి అన్న ఒక్క మాటే. మా చాప దగ్గర ఆ మార్పు జరిగినట్టే ఎవరికీ తెలియలేదు.

బ్యాక్‌గ్రౌండ్‌ సంగతి అలా కాదు. అమెరికాలో పుస్తకం రాసినవారి దృష్టిలో వృత్తి అంటే మనిషి తాను ఎంచుకున్నది, లేదా కనీసం వదిలిపోగలిగినది. మన ఊళ్లలో కుమ్మరి, కమ్మరి, సాలె అన్నవి పని పేర్లో కులాల పేర్లో విడదీసి చెప్పడం ఈనాటికీ కష్టమే. అందుకే పుట్టుక నుంచి వృత్తికి అంకెలు మార్చామని పుస్తకం అంటే, అక్కడ వినేవారికి అది విడుదలలా వినిపిస్తుంది; ఇక్కడ వినేవారికి ఒక గదిలోంచి పక్క గదిలోకి పంపినట్టు వినిపించవచ్చు. ఆ రోజు నవ్వని ఇద్దరూ ఈ మాటే పైకి అన్నారు. దీనికి పుస్తకం రాసినవారిని తప్పుపట్టలేం; వారి మనసులో ఉన్న వృత్తి వేరు. అయినా ఆటగాళ్ల స్పందన ఊరినిబట్టి ఎందుకు మారుతుందో ఇది కొంత చెబుతుంది.

ఇద్దరి మధ్య పుట్టినవారి సంగతి కూడా ఇటువంటిదే. హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఆర్క్ కొత్త పుస్తకంలోని పది స్పీషీస్‌లో లేవు. వాటి చోట ఆర్క్, గోలియత్, ఆసిమార్ కనిపిస్తాయి. ‘సగం’ అన్న పేరే అవమానమని కొందరు, రెండు ఇళ్ల మధ్య నలిగిన పాత్రల్లో తమను చూసుకున్నామని, వాటిని తీసేస్తే తమనే తీసేసినట్టుందని మరికొందరు. 2014 పుస్తకంలోని ఆ రెండింటినీ కొత్త నిబంధనలతో కలిపి ఆడుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

రెండో పుస్తకంలో ఉన్న దారి

హ్యాండ్‌బుక్‌లోనే ఒక చిన్న వెసులుబాటు దాగి ఉంది. సామర్థ్యాల కూడిక లేని పాత పుస్తకపు బ్యాక్‌గ్రౌండ్ తెచ్చుకుంటే, ఏ సామర్థ్యాలకు కలపాలో ఆటగాడే ఎంచుకోవచ్చు. ఫీట్ లేకపోతే ఏదో ఒక ఆరిజిన్ ఫీట్ తీసుకోవచ్చు. అంటే పాత పుస్తకం అటకమీద ఉన్నవాడికి, కొత్త పుస్తకం మాత్రమే కొన్నవాడికి లేని స్వేచ్ఛ ఉంది. ఇది కావాలని చేసిన ఏర్పాటుగా నాకు అనిపించదు. పాతవి పనికిరాకుండా పోకూడదన్న జాగ్రత్తలోంచి వచ్చిన వింత.

అసలు దారి 2024 నవంబరులో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఉంది. కొత్త బ్యాక్‌గ్రౌండ్ కట్టే పద్ధతి అందులో వివరంగా ఇచ్చారు: తగిన మూడు సామర్థ్యాలు, ఒక ఆరిజిన్ ఫీట్, రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు. అయితే అది ఆటగాడి చేతిలోని పుస్తకం కాదు, ఆడించేవారిది. ముసాయిదాలో ఆటగాడి హక్కుగా ఉన్నది ఇప్పుడు ఆడించేవారి అనుమతిగా మారింది. దీన్ని కొందరు సమతూకం అంటారు, కొందరు గుమ్మం దగ్గర కాపలా అంటారు.

మా చాప దగ్గర ఆడించేది నేనే కాబట్టి ఆ అనుమతి మాట నా మీద పడింది. రైతు జాబితాలో బుద్ధి ఎలా వస్తుందో కథాపరంగా చెప్పమని మేనల్లుణ్ని అడిగాను. వాడు తడబడుతుంటే బావగారే అందుకున్నారు. “ధవళేశ్వరం కాడ పదకొండుం ముప్పావు అడుగులకి మొదటి హెచ్చరిక, పదమూడుం ముప్పావుకి రెండోది, పదిహేడుం ముప్పావుకి మూడోది. ఆ అంకె ఇన్నాక మన తోటలోకి నీళ్లెప్పుడొస్తాయో, గెలలు ఈ పూటే కోసేయాలో రేపటిదాకా ఉంచొచ్చో ఎవడు చెప్తాడ్రా? లెక్క కాదా అది?” అన్నారు.

బలం తీసి బుద్ధి పెట్టాం. టఫ్ ఫీట్ అలాగే ఉంచాం. ఇది పండితుడి జాబితాకు రైతు ప్రాణం అతికించడమేనని, రేపు తనకూ ఇలాంటిది ఒకటి కట్టిపెట్టాల్సిందేనని ఫైటర్ ఆడే కుర్రాడు గట్టిగానే అడ్డుచెప్పాడు. అతని మాటలో న్యాయముంది, వచ్చేవారం అతని షీటు చూస్తానన్నాను. మేనల్లుడు 5ను చెరిపి మళ్లీ 7 వేశాడు. రెండుసార్లు రబ్బరు పడిన చోట పెన్సిలు మొన కాగితంలోంచి అవతలికి దిగింది.